తాడు ఎంత లాగినా లాన్ మోవర్ స్టార్ట్ అవ్వట్లేదా? ముందు ఇవి చూడండి

మార్చి వచ్చిందంటే టెక్సస్‌లో, ఏప్రిల్ వచ్చిందంటే ఒహాయో, న్యూజెర్సీ వైపు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మోవర్ స్టార్ట్ అవ్వట్లేదు, ఎవరికైనా మంచి మెకానిక్ తెలుసా?" చలికాలమంతా గ్యారేజీలో మూలన పడేసి, ఎండ కాయగానే బయటికి తీసి తాడు లాగితే అది ఉలకదు, పలకదు. భుజం నొప్పి పుట్టేదాకా లాగుతారు, తర్వాత తిట్టుకుంటారు, ఆ తర్వాత కొత్తది కొనేద్దామని స్టోర్‌కి బయల్దేరతారు. ఈలోపు గడ్డి ఏపుగా పెరుగుతుంది, కాలనీ ఇళ్ల సంఘం, అదే హెచ్ఓఏ, వాళ్ల ఉత్తరం వస్తుంది. డాలస్‌లో అయితే 12 అంగుళాలు దాటితే సిటీ వాళ్లే నోటీసు ఇస్తారు.

కాస్త ఆగండి. వెనకాల నడుస్తూ నెట్టే మామూలు పెట్రోల్ మోవర్‌లో ఉండేది ఒక్క సిలిండర్, ఒక్క స్పార్క్ ప్లగ్, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే ఒక చిన్న కార్బొరేటర్. అది స్టార్ట్ అవ్వాలంటే పెట్రోల్ అందాలి, ప్లగ్ దగ్గర స్పార్క్ రావాలి, గాలి ఆడాలి. ఈ మూడింట్లో ఏది లేదో తేల్చుకోకుండా వీడియోలు చూసి ప్లగ్ ఒకటి, ఫిల్టర్ ఒకటి, ప్లగ్‌కి కరెంటు పంపే కాయిల్ ఒకటి వరసపెట్టి ఆర్డర్ చేయడం వల్లే డబ్బులు వదులుతాయి. చలికాలం తర్వాత మొరాయించే మోవర్‌కి చాలాసార్లు తాజా పెట్రోలు, ఓ గంట ఓపిక ఉంటే చాలు, పార్టులేమీ అక్కర్లేదు.

మనలో నలభై దాటిన వాళ్లకి ఇది కొంత తెలిసిన విద్యే. ఇంట్లో బజాజ్ చేతక్ పొద్దున్నే మొరాయిస్తే దాన్ని పక్కకు వంచి, ప్లగ్ విప్పి, ఎమరీ పేపర్‌తో గీకి, ఉఫ్ అని ఊది, మళ్లీ బిగించి కిక్ కొట్టేవాళ్లు కదా. ఆ విద్యలో సగం ఇక్కడా పనికొస్తుంది. పనికిరానిది ఆ పక్కకు వంచడమే, దాని సంగతి కింద చెప్తాను.

చెయ్యి పెట్టే ముందు

కింద బ్లేడ్ దగ్గర ఏ పని ఉన్నా, తాడు ఇరుక్కుపోయిందా అని చూడాలన్నా, ముందు ప్లగ్ మీద ఉన్న రబ్బరు క్యాప్ పీకేసి ప్లగ్‌కి తగలకుండా పక్కకు పెట్టండి. చాలా మోవర్లలో బ్లేడ్ నేరుగా ఇంజిన్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది, చేత్తో బ్లేడ్ తిప్పితే ఇంజిన్ కూడా తిరుగుతుంది, ఆ తిరుగుడులో ఒక్కసారి ఫైర్ అయిందంటే వేళ్లు పోతాయి. ఇది మాత్రం అస్సలు వదిలేయొద్దు.

రెండోది, పని గ్యారేజీలో కాదు, బయట డ్రైవ్‌వేలో పెట్టుకోండి. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది. దాని మంట ఎప్పుడు వెలుగుతుందో మన చేతిలో ఉండదు, పెట్రోల్ ఆవిరి నేలబారున పాకుతూ అక్కడిదాకా వెళ్తుంది. తలుపు తీసే ఉంది కదా అనుకోకండి.

ఐదు నిమిషాల్లో తేలిపోయేవి

నవ్వకండి, ట్యాంకులో పెట్రోల్ ఉందో లేదో మొదట చూడండి. ఉంటే అది ఏ క్యాన్‌లోంచి పోశారో గుర్తు తెచ్చుకోండి. అంచుల్లో గడ్డి కొట్టే ట్రిమ్మర్ కోసం ఆయిల్ కలిపిన టూ స్ట్రోక్ పెట్రోలు, మోవర్ పెట్రోలు రెండూ ఒకేలాంటి ఎర్ర క్యాన్లలో పక్కపక్కన ఉంటాయి, అక్కడ ఎవరైనా పొరబడొచ్చు. ఆయిల్ కలిపింది పోస్తే మోవర్ చచ్చిపోదు గానీ పొగ కక్కుతుంది, ప్లగ్ మసి పడుతుంది.

హ్యాండిల్‌కి ఆనించి పట్టుకునే కమ్మీ ఉంటుంది కదా, దాన్ని పూర్తిగా హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కి పట్టుకున్నారా? అమెరికాలో 1982 నుంచి అమ్మే ఇలాంటి మోవర్లన్నిటికీ, చెయ్యి వదిలిన 3 సెకన్లలో బ్లేడ్ ఆగిపోవాలని నిబంధన ఉంది. అందుకే చాలా వాటిలో ఆ కమ్మీ వదిలితే ఒక బ్రేక్ ఫ్లైవీల్‌ని, అంటే ఇంజిన్ షాఫ్ట్ మీద తిరిగే బరువైన చక్రాన్ని, పట్టేస్తుంది, దాంతోపాటు స్పార్క్ కూడా కట్ అవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని కేబుల్ సాగిపోతుంది. మీరు కమ్మీ పూర్తిగా నొక్కినా ఇంజిన్ దగ్గర బ్రేక్ పూర్తిగా వదలదు, మీరు తాడు లాగుతూనే ఉంటారు, స్పార్క్ ఎప్పటికీ రాదు. ఒకర్ని కమ్మీ నొక్కమని చెప్పి, ఇంజిన్ వైపు కేబుల్ చివర కదులుతోందో లేదో మీరు చూడండి. హ్యాండిల్ మడిచి పెట్టే మోడల్ అయితే మడతలో కేబుల్ నలిగిందేమో కూడా చూడాలి.

హోండా లాంటి వాటిలో పెట్రోల్ వాల్వ్ విడిగా ఉంటుంది, పోయిన సీజన్ చివర్లో మూసేసి మర్చిపోయి ఉంటారు. చోక్ ఉన్న మోడల్‌కి చల్లగా ఉన్నప్పుడు చోక్ వెయ్యాలి. ఎర్రటి రబ్బరు బుడగ, అదే ప్రైమర్ బల్బ్ ఉంటే, నెమ్మదిగా మూడు నుంచి ఐదు సార్లు నొక్కాలి. నొక్కితే మెత్తగా లోపలికి పోయి అలాగే ఉండిపోతోందంటే ఆ బుడగ సరిగా పనిచేయట్లేదని అర్థం. మోడల్‌ని బట్టి కొత్త వాటిలో చోకూ ఉండదు, బుడగా ఉండదు, అంతా ఆటోమేటిక్, అక్కడ వెతకడానికి ఏమీ లేదు.

తాడు లాగినప్పుడు చేతికి ఎలా తెలుస్తోందో అది కూడా గమనించండి. అస్సలు కదలకపోతే బ్లేడ్ చుట్టూ ఎండిన గడ్డి సిమెంటులా పట్టేసి ఉండొచ్చు, లేదా సిలిండర్‌లోకి ఆయిల్ చేరి ఉండొచ్చు. మరీ వదులుగా, ఏ ఆపుడూ లేకుండా వచ్చేస్తుంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి, లేదు, వాల్వ్ ఇరుక్కుని ఉండొచ్చు. ఠక్కున వెనక్కి గుంజుకుని చేతికి దెబ్బ కొడుతుంటే ఫ్లైవీల్‌ని నిలబెట్టే చిన్న కీ మీద అనుమానపడాలి, దాని సంగతి కింద చెప్తాను. ఈ మూడూ కాక, మామూలుగానే లాగబడుతూ స్టార్ట్ మాత్రం కాకపోతే, ఇక కింద చెప్పే పరీక్ష చెయ్యండి.

ఒక చెంచా పెట్రోల్ పరీక్ష

మొత్తం వ్యవహారాన్ని రెండుగా చీల్చేసేది ఇదే. ప్లగ్ విప్పండి. దానికి 5/8 అంగుళం లేదా 13/16 అంగుళం ప్లగ్ సాకెట్ కావాలి, మోడల్‌ని బట్టి. ఆ రంధ్రంలోకి తాజా పెట్రోల్ ఒక చిన్న చెంచాడు, అంతకన్నా తక్కువైనా ఫర్వాలేదు, పొయ్యండి. చుట్టూ ఒలికింది ఏమైనా ఉంటే శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, క్యాన్ దూరంగా పెట్టి, ప్లగ్ బిగించి, క్యాప్ తొడిగి తాడు లాగండి.

రెండు మూడు సెకన్లు భగ్గున తిరిగి ఆగిపోయిందా? సంతోషించండి, స్పార్క్ ఉంది, కంప్రెషన్ ఉంది, స్పార్క్ పడే టైమింగ్ కూడా బాగానే ఉంది. ట్యాంకులోంచి పెట్రోల్ సిలిండర్‌దాకా రావడం లేదు, అంతే. మీరు చూడాల్సింది పెట్రోలు, కార్బొరేటర్. దగ్గినట్టు కూడా చేయలేదా? అప్పుడు స్పార్క్ వైపు వెళ్లండి. ఈ ఒక్క పనితో అనవసరంగా కొనే పార్టులు సగం తగ్గుతాయి.

కొంతమంది దీనికి బదులు స్టార్టింగ్ ఫ్లూయిడ్ స్ప్రే కొడతారు. నాకది నచ్చదు. అందులో ఉండే ఈథర్ మరీ తేలిగ్గా అంటుకుంటుంది, పైగా ఒకసారి అలవాటైతే అసలు జబ్బు వదిలేసి ప్రతి వారం స్ప్రే కొట్టుకుంటూ కూర్చుంటారు.

పెట్రోలే దోషి అయితే

అమెరికా బంకుల్లో మామూలుగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిసిన ఈ10 (E10). కారుకి ఏం కాదు, వారానికో రెండు వారాలకో ట్యాంకు ఖాళీ అవుతుంది. మోవర్‌లో అది నవంబర్ నుంచి మార్చి దాకా కూర్చుంటుంది. తేలికైన భాగం ఆవిరైపోతుంది, ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, మిగిలింది చిక్కబడి కార్బొరేటర్ లోపల జిగురులా అంటుకుంటుంది. 30 రోజులు దాటితేనే పెట్రోల్ పాతబడ్డట్టు లెక్క అని ఇంజిన్లు తయారుచేసే వాళ్లే రాస్తారు. మనం ఐదు నెలలు ఉంచి, ఏమైందో ఏమో అంటాం.

ట్యాంకులోది కొంచెం తీసి గాజు సీసాలో పోసి చూడండి. తాజా పెట్రోల్ లేత రంగులో, ఘాటుగా ఉంటుంది. పాతది ముదురు పసుపులోకో నారింజ రంగులోకో తిరిగి, పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు పుల్లటి వాసన కొడుతుంది. అడుగున నీటి బుడగలు విడిగా నిలిచి కనబడితే నీళ్లు చేరినట్టు. ఏదైనా సరే, అదంతా తీసెయ్యండి. ప్లాస్టిక్ హ్యాండ్ పంపు తక్కువ రేటుకే దొరుకుతుంది, ఊళ్లో బండ్లలోంచి తీసినట్టు పైపు పెట్టి నోటితో గుంజకండి. తీసిన పెట్రోల్‌ని డ్రెయిన్‌లోనో చెట్టు మొదట్లోనో పారబోయడం తప్పు, కౌంటీ వాళ్లు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

కొత్తది పోసేటప్పుడు ఒక సంగతి. బంకులో రెగ్యులర్ పక్కనే 88 నంబరుతో కొన్ని సెంట్లు తక్కువకి ఇంకో పెట్రోల్ కనిపిస్తుంది చూశారా, అది ఈ15, అంటే 15 శాతం దాకా ఇథనాల్. పంపు మీద నారింజ రంగు లేబుల్ ఉంటుంది. చాలా కార్లకి సరే, మోవర్లలో, ట్రిమ్మర్లలో అది వాడకూడదని ఫెడరల్ నిబంధనే ఉంది. మనవాళ్లకి సెంట్లు మిగులుతున్నాయంటే చెయ్యి అటే పోతుంది, కారుకి పోస్తూ పోస్తూ అదే గొట్టంతో క్యాన్ కూడా నింపేస్తారు. 87 నంబరు రెగ్యులర్ చాలు. ఇథనాల్ లేని పెట్రోల్ దగ్గర్లో దొరికితే అది ఇంకా మంచిది, రేటు ఎక్కువే కానీ సీజన్‌కి మోవర్ తాగేది ఎంతని.

తాజా పెట్రోల్ పోశాక కొన్నిసార్లు అలాగే స్టార్ట్ అయిపోతుంది. అవ్వకపోతే కార్బొరేటర్ కింది గిన్నె విప్పాల్సిందే. భయపడకండి, కార్బొరేటర్ మొత్తం ఊడదీయక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ వెనకాల, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఎక్కడికి వెళ్తుందో చూస్తే అదే కార్బొరేటర్, దాని కింద చిన్న లోహపు గిన్నె, గిన్నె మధ్యలో కింది నుంచి ఒక బోల్ట్. విప్పే ముందు ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకోండి. పెట్రోల్ వాల్వ్ ఉంటే మూసెయ్యండి, లేకపోతే ట్యాంకు ఖాళీ చేసే ఉన్నారు కదా, గొట్టంలో మిగిలింది కారడానికి కింద ఒక డబ్బా పెట్టండి. పాత బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్లకి సాధారణంగా అర అంగుళం పాన, హోండాకి 10 మిల్లీమీటర్ల పాన పడుతుంది.

గిన్నె చేతిలోకి వచ్చాక అడుగున చూడండి. ఆకుపచ్చగా జిగురో, తెల్లగా పొడో, నీటి చుక్కలో ఉంటాయి. తుడిచెయ్యండి. అసలు కీలకం మెయిన్ జెట్, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ఉన్న ముక్క. చాలా బ్రిగ్స్ ఇంజిన్లలో గిన్నెని పట్టి ఉంచిన ఆ బోల్టే జెట్, దాని కాండంలో పక్కకి ఒకటి, నిలువుగా ఒకటి సన్నటి రంధ్రాలు ఉంటాయి. హోండాలో గిన్నె తీశాక మధ్య స్తంభం లోపల సన్న స్క్రూడ్రైవర్‌తో విప్పే ఇత్తడి జెట్ ఉంటుంది. ఆ రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తే అవతలి వైపు చుక్కంత కాంతి గుండ్రంగా కనబడాలి. కనబడకపోయినా, అర్ధచంద్రంలా కనబడినా, మోవర్ స్టార్ట్ కాకపోవడానికి కారణం అదే. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి కాసేపు నాననివ్వండి. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి దాంతో నెమ్మదిగా పొడవండి. ఉక్కు తీగ, డ్రిల్ బిట్ లాంటివి వద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం ఒక్క పిసరు పెద్దదైనా తర్వాత ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ తాగుతూ నల్లపొగ వదులుతుంది. స్ప్రే కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సూటిగా కంట్లోకి చిమ్ముతుంది.

గిన్నె పైన తేలే ఫ్లోట్‌ని వేలితో పైకి కిందికి కదిపి చూడండి, స్వేచ్ఛగా కదలాలి. అది పైనే ఇరుక్కుంటే పెట్రోల్ రాదు, కిందే ఉండిపోతే పొంగి కారుతుంది. గిన్నె అంచున రబ్బరు రింగు ఉంటుంది, క్లీనర్ తగిలితే ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు, కాబట్టి స్ప్రే కొట్టే ముందే తీసి పక్కన పెట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు బోల్ట్‌ని బలం కొద్దీ తిప్పొద్దు, అది మెత్తటి లోహంలోకి వెళ్తుంది, మర పోతే బాగు చేయడం కష్టం.

ఇంత చేసినా లోపలి సన్న దారులు తెరుచుకోకపోతే కొత్త కార్బొరేటర్ వేసేయడమే మేలు. ఇంజిన్ మీద ముద్రించిన మోడల్, టైప్ నంబర్లు చూసి ఆర్డర్ పెట్టండి, మోవర్ పేరు చూసి కాదు. బయట రాసి ఉన్న కంపెనీ ఒకటి, లోపలి ఇంజిన్ కంపెనీ ఇంకొకటి కావడం చాలా మామూలు, టోరో మోవర్లలో బ్రిగ్స్ ఇంజిన్ ఉన్నట్టు.

స్పార్క్ వైపు

చెంచా పరీక్షలో ఉలుకూ పలుకూ లేకపోతే ప్లగ్ చూడండి. కొన తడిసి ఉంటే లోపల పెట్రోల్ ఉంది కానీ అంటుకోవట్లేదు, లేదా మీరు చోక్ వేసి మరీ ఎక్కువసార్లు లాగి లోపల పెట్రోల్ ముంచేశారు. అప్పుడు ప్లగ్ విప్పి పెట్టి, క్యాప్ దూరంగా ఉంచి, నాలుగైదు సార్లు తాడు లాగితే లోపలిది బయటికి చిమ్ముతుంది, పావుగంట ఆరనివ్వండి. నల్లగా మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. పింగాణీ పగిలిందంటే ఇక ఆలోచించేది లేదు, మార్చెయ్యండి.

ప్లగ్ కొన దగ్గర స్పార్క్ దూకే గ్యాప్ చాలా బ్రిగ్స్ ఇంజిన్లకి 0.030 అంగుళం, అంటే 0.76 మిల్లీమీటర్లు. హోండా జీసీవీ160 ఇంజిన్‌కి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. రెండూ దాదాపు ఒకటే. కొత్త ప్లగ్ నాలుగైదు డాలర్లే, దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్దుతూ కూర్చోవడం కన్నా కొత్తది వేసెయ్యడం మేలు. బిగించేటప్పుడు మొదట చేత్తో చివరిదాకా తిప్పండి. మర సరిగా పట్టిందని నమ్మకం కుదిరాకే పాన పెట్టి కొత్త ప్లగ్ అయితే అర చుట్టు, పాతదే అయితే పావు చుట్టు. అల్యూమినియం హెడ్‌లో వంకరగా ఎక్కించి మర పాడుచేస్తే నాలుగు డాలర్ల పని నలభై రెట్లవుతుంది.

స్పార్క్ వస్తోందా లేదా చూడటానికి ప్లగ్‌ని ఇంజిన్ ఒంటికి ఆనించి తాడు లాగే పాత పద్ధతి అందరికీ తెలుసు. పక్కనే ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వస్తూ ఉంటుంది, అక్కడే నిప్పురవ్వ రాల్చడం అంత తెలివైన పని కాదు. చవకలో ఇన్‌లైన్ టెస్టర్ దొరుకుతుంది, ప్లగ్‌ని దాని స్థానంలోనే ఉంచి, ప్లగ్‌కీ క్యాప్‌కీ మధ్యలో దీన్ని పెడితే లాగినప్పుడు బల్బ్ మిణుకుమంటుంది. కొత్త ప్లగ్ వేసినా మిణుకు లేదంటే రెండే కారణాలు. కమ్మీకి కలిపిన, స్పార్క్ కట్ చేసే వైరు ఎక్కడో ఒరుసుకుని ఇంజిన్ ఒంటికి తగులుతోంది, లేదా కాయిల్ పోయింది. పైకవర్ విప్పి, కాయిల్ దగ్గర ఆ సన్న వైరు పీకి, మళ్లీ టెస్టర్ చూడండి. ఇప్పుడు వెలిగితే కాయిల్ బాగానే ఉంది, వైరో స్విచ్చో సరిచేయాలి. వెలగకపోతే కాయిల్ మార్చాలి. ఆ వైరు పీకేసి మోవర్ నడపకండి, కమ్మీ వదిలినా ఇంజిన్‌కి స్పార్క్ ఆగదు. కొత్త కాయిల్ బిగించేటప్పుడు దానికీ ఫ్లైవీల్‌కీ మధ్య ఖాళీ కోసం మామూలు విజిటింగ్ కార్డు పెట్టి, అయస్కాంతం లాక్కున్నాక స్క్రూలు బిగించి, కార్డు లాగేస్తే సరిపోతుంది.

గాలి, ఆయిల్, ఆ వంచుడు సంగతి

ఎయిర్ ఫిల్టర్ తీసేసి ఒకసారి తాడు లాగి చూడండి. స్టార్ట్ అయితే ఫిల్టర్‌దే తప్పు. కాగితం ఫిల్టర్‌ని నేలకేసి తట్టొచ్చు, కడగకూడదు. స్పాంజిదైతే సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవచ్చు. ఫిల్టర్ లేకుండా గడ్డి మాత్రం కొయ్యకండి.

ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ముద్దయి ఉంటే, ఎవరో బ్లేడ్ కడగడానికి మోవర్‌ని తప్పు వైపు వంచారన్నమాట. చేతక్ అలవాటు ఇక్కడ పనికిరాదన్నది ఇందుకే. కింది భాగం చూడాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ ఉన్న వైపు ఆకాశంలోకి ఉండేట్టు వంచాలి. ఇంకో వైపు వంచితే ఆయిల్ ఫిల్టర్‌లోకి, పెట్రోల్ ఆయిల్‌లోకి, ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది. సిలిండర్‌లోకి ఎక్కువ చేరితే పిస్టన్ పైకి రాలేదు, తాడు రాయిలా ఆగిపోతుంది. ప్లగ్ విప్పి, రంధ్రం మీద పాత గుడ్డ వేసి, మీరు పక్కన నిలబడి నెమ్మదిగా తాడు లాగండి, ఆయిల్ బయటికి వచ్చేస్తుంది. తర్వాత స్టార్ట్ అయినప్పుడు తెల్లపొగ కాలనీ మొత్తం కమ్ముకుంటుంది, పక్కింటివాళ్లు బయటికొచ్చి చూస్తారు, పర్లేదు, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది.

ఆయిల్ కొలపుల్ల తీసి గీతల మధ్యలో ఉందో లేదో చూడండి. ఇవి తాగే ఆయిల్ మొత్తం కలిపి అర లీటరు అటూ ఇటూ. కారుకి పోసే లెక్కలో ఒక క్వార్ట్, అంటే దాదాపు లీటరు, బాటిల్ మొత్తం వంచేస్తే ఎక్కువైపోయి పైన చెప్పిన తంటాలే వస్తాయి. ఆయిల్‌లోంచి పెట్రోల్ వాసన కొడితే ఫ్లోట్ సరిగా మూసుకోక పెట్రోల్ కిందికి దిగిందని అర్థం. ముందు అది సరిచేసి, ఆయిల్ మార్చి, అప్పుడే స్టార్ట్ చెయ్యండి.

స్టార్ట్ అయి ఆగిపోతుంటే, రాయి తగిలాక స్టార్ట్ కాకుంటే

పది నిమిషాలు బ్రహ్మాండంగా నడిచి, దమ్ము పోయినట్టు ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంటే పెట్రోల్ మూత మీద ఒక కన్నేయండి. మూతలో గాలి వెళ్లే చిన్న రంధ్రం ఉంటుంది, అది దుమ్ముతో మూసుకుంటే లోపల గాలి పీడనం తగ్గి పెట్రోల్ కిందికి దిగదు. ఆగిన వెంటనే మూత వదులు చేసి లాగండి, టక్కున అందుకుంటే జబ్బు దొరికినట్టే.

నడుస్తూ నడుస్తూ చెట్టు వేరుకో, స్ప్రింక్లర్ తలకో ఢాం అని తగిలి ఆగిపోయి, ఆ తర్వాత స్టార్ట్ కావడం లేదంటే అది వేరే కథ. షాఫ్ట్ పైన ఫ్లైవీల్‌ని సరైన స్థానంలో నిలబెట్టే చిన్న కీ ఉంటుంది, బ్రిగ్స్‌లో మెత్తటి లోహంతో చేస్తారు. గట్టి దెబ్బకి అది కోసుకుపోతే స్పార్క్ రావాల్సిన క్షణంలో రాదు. పెట్రోల్ బాగుంటుంది, స్పార్క్ బాగుంటుంది, అయినా స్టార్ట్ కాదు, తాడు వెనక్కి కొడుతుంది. కీ ఖరీదు చిల్లర డబ్బులే, ఫ్లైవీల్ ఊడదీయడానికి మాత్రం పుల్లర్ కావాలి. షాఫ్ట్ వంగిందేమో కూడా చూడాలి, బ్లేడ్ తిరిగేటప్పుడు హ్యాండిల్ విపరీతంగా వణుకుతుంటే వంగినట్టే, అలాంటి మోవర్ మీద ఇంక డబ్బు పెట్టకండి.

కూర్చుని నడిపే మోవర్లలో ముందు 12 వోల్టుల బ్యాటరీ, దాని టెర్మినల్స్ మీద పట్టిన తెల్లటి బూజు, సీటు కింద స్విచ్, బ్రేక్ పెడల్ స్విచ్ చూడాలి, మిగతాది పైన చెప్పిందే. బ్యాటరీతో నడిచే మోవర్లకి ఈ గొడవేమీ లేదు, సేఫ్టీ కీ పెట్టారా, మడిచిన హ్యాండిల్ సరిగా లాక్ అయ్యే దాకా లాగారా, బ్యాటరీ రాత్రంతా చల్లటి గ్యారేజీలో ఉందా అన్నవి చూస్తే చాలు. కాలిఫోర్నియాలో 2024 మోడల్ నుంచి కొత్త పెట్రోల్ మోవర్ల అమ్మకానికి నిబంధనలు అడ్డొచ్చాయి, హోండా 2023లోనే అమెరికాలో పెట్రోల్ మోవర్ల తయారీ ఆపేసింది. అలాగని ఇంట్లో బాగున్న హోండాని చెత్తలో పెట్టొద్దు, సరిగ్గా చూసుకుంటే అది ఇంకా చాలా ఏళ్లు కోస్తుంది.

షాపుకి ఎప్పుడు ఇవ్వాలి అంటే, కంప్రెషన్ లేదని తేలినప్పుడు, ఫ్లైవీల్ విప్పాల్సి వచ్చి పుల్లర్ లేనప్పుడు. వసంతంలో షాపుల్లో రెండు మూడు వారాల వరస ఉంటుంది, ఆలోగా గడ్డి ఆగదు, కాబట్టి పక్కింటాయన్ని ఒకసారి మోవర్ అడిగి కోసేసుకుని తీరిగ్గా ఇవ్వండి. చెప్పిన రేటు కొత్త మోవర్ ధరలో సగం దాటితే నేనైతే రిపేరు చేయించను.

ఊళ్లో వాళ్ల బ్రష్ కట్టర్ మొరాయించినా ఇదే వరస చెప్పండి. ఇండియాలో ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, 20 శాతం ఇథనాల్, అంటే ఆగి ఉన్న మిషన్‌లో పెట్రోల్ వదిలేస్తే తలనొప్పి ఇక్కడికన్నా ఎక్కువే. మామిడి తోటలో గడ్డి కొట్టేసి వానాకాలం దాకా మూలన పెట్టే మిషన్ అయితే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టమనండి. టూ స్ట్రోక్ అయితే కలపాల్సిన ఆయిల్ నిష్పత్తి మిషన్ మీదే రాసి ఉంటుంది, షాపువాడు నోటితో చెప్పింది కాకుండా అది చూడమనండి.

అక్టోబర్, నవంబర్‌లో ఆఖరిసారి కోశాక మోవర్‌కి కూడా అదే పని. ఒకటి, పెట్రోల్ మొత్తం తీసేసి, మిగిలింది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడపడం. లేదా తాజా పెట్రోల్‌లో అది త్వరగా పాతబడకుండా కాపాడే స్టెబిలైజర్ కలిపి, అది కార్బొరేటర్ దాకా చేరేలా పది నిమిషాలు నడిపి, ట్యాంకు నిండుగా ఉంచడం. పాత పెట్రోల్‌లో స్టెబిలైజర్ కలిపితే అది మళ్లీ తాజాది అయిపోదు, ఈ సంగతి డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. నాకు మొదటి పద్ధతే ఇష్టం, దానికి ఖర్చు కూడా లేదు. క్యాన్ మీద టేపు ముక్క అంటించి కొన్న తేదీ రాయండి, ట్రిమ్మర్ క్యాన్ మీద పెద్ద అక్షరాలతో ఆయిల్ కలిపింది అని రాయండి. తెలుగులో రాస్తే ఇంకా మంచిది, అడిగి తీసుకెళ్లే పక్కింటాయనకి చదవడం రాక, మోవర్‌లో పొయ్యబోయే ముందు ఇదేంటని వచ్చి అడుగుతాడు.